ఇంటి కత్తులకు సాన సెట్టు: ఏ ఇంటికి ఏది సరిపోతుంది?

కత్తికి సాన పట్టే సెట్టు కొందామని ఫోన్‌లో వెతికితే పదుల రకాలు వరుస కడతాయి. ప్రతిదాని మీదా కోణం తప్పదని, పది నిమిషాల్లో బ్లేడులా తయారవుతుందని రాసి ఉంటుంది. కోణం నిలబెట్టే పని ఈ సెట్లన్నీ ఎంతో కొంత చేస్తాయి. చేతికొచ్చాక తేడా తెలిసేది వేరే చోట: కత్తి పట్టులో కదులుతుందా, సెట్టు మీ వంటింటి బండ మీద నిలుస్తుందా, పిడి దగ్గర నుంచి మొన దాకా రాయి తగులుతుందా. అందుకని సెట్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు కత్తుల్నీ బండనూ చూసుకుందాం.

## మీ ఇంట్లో ఏ కత్తులున్నాయి?

కర్నూలు, అనంతపురం, కడప వైపు మామూలు ఇంట్లో సరంజామా దాదాపు ఒకటే. కూరగాయలకు ఒకటో రెండో సన్నని స్టీలు కత్తులు, రంగు ప్లాస్టిక్ పిడితో రంపపు పళ్ళున్న చిన్న కత్తి, ఆదివారం మాంసానికి ఒక బరువు కత్తి, మూలన ఒక ఈలపీట. వీటిలో గైడ్ సెట్టు, అంటే కోణం మారకుండా చూసే సాన సెట్టు, హాయిగా చేసేది మొదటి రకానికే. రంపపు పళ్ళ కత్తిని చదును రాయి పాడుచేస్తుంది, పళ్ళు అరిగిపోతాయి. ఈలపీట అంచు లోపలికి వంగి ఉంటుంది, చదును రాయి దాన్ని తాకదు. బరువు కత్తి వీపు మందం నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే చాలా సెట్లలో కత్తిని బిగించి పట్టే క్లాంపుల నోట పట్టదు. ఈలపీట కోసమే సెట్టు కొనాలనుకుంటే ఇక్కడితో ఆగిపోండి. దానికి వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

తర్వాత ఉక్కు. బజార్లో దొరికే మామూలు స్టీలు కత్తులు మెత్తనివి. విక్టోరినాక్స్ లాంటివి రాక్‌వెల్ అనే గట్టిదనం కొలతలో 55–56 దగ్గర ఉంటాయి, జపాన్ కత్తులు 60 దాకా, కొన్ని ఆ పైకీ వెళ్తాయి. మెత్తని ఉక్కును మరీ సన్నగా సాన పడితే అంచు నాలుగు రోజుల్లో వంగిపోతుంది. కాబట్టి:

- మామూలు స్టీలు కూరగాయల కత్తి: ఒక్కో వైపు 20 డిగ్రీలు
- గట్టి ఉక్కుతో చేసిన సన్నని జపాన్ కత్తి: ఒక్కో వైపు 15
- ఎముకల మీద పడే మాంసం కత్తి: ఒక్కో వైపు 25

కొన్ని పెట్టెల మీద రెండు వైపుల కోణాన్నీ కలిపి 40 అని రాస్తారు. అంటే ఒక్కో వైపు 20. ఈ సంగతి చూసుకోక 40 దగ్గర బిగించేవాళ్ళున్నారు, ఆ కత్తి గొడ్డలిలా తయారవుతుంది.

గ్రిట్ అంటే రాయి గరుకును చెప్పే అంకె, అంకె పెరిగేకొద్దీ రాయి సన్నన. 3000, 10000 గ్రిట్ రాళ్ళున్న సెట్టుకు ఎక్కువ డబ్బు పెట్టకండి. మెత్తని స్టీలు కత్తికి 600 నుంచి 1000 వరకు చాలు. టమోటా తొక్క తెగడానికి అంచు మీద కాస్త గరుకు ఉండటమే మంచిది. అద్దంలా మెరిసే అంచు కాగితాన్ని చక్కగా కోసి, పండిన టమోటా మీద జారుతుంది.

## బండ సంగతి

ఇది ఏ పెట్టె మీదా రాయరు. మన వంటిళ్ళలో గట్టు మీద మూడు రకాల రాయి కనిపిస్తుంది: నున్నగా పాలిష్ చేసిన గ్రానైటు, పాలిష్ పట్టిన నల్ల కడప బండ, పొరలుగా లేపి అలాగే వేసిన నాపరాయి. బేతంచెర్ల బండలూ పాత కడప బండలూ చాలా ఇళ్ళలో ఈ మూడో రకమే. కంటికి చదునుగానే ఉంటాయి, చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

కింద రబ్బరు సక్షన్ కప్పులున్న సెట్టు అలాంటి బండ మీద నిలవదు. గాలి లోపలికి దూరి రెండు నిమిషాల్లో కప్పు ఊడిపోతుంది, అదీ సరిగ్గా రాయిని ముందుకు తోసేటప్పుడు. చక్రం దొర్లించే రకం సెట్టు కూడా ఎత్తుపల్లాల మీద ఎగిరి పడుతుంది, కత్తి అంచు మీద అలలు పడతాయి. గట్టు అంచుకు బిగించే క్లాంపు ఉన్నదైతే, మీ బండ గోడ నుంచి ఎంత బయటికి వచ్చింది, అంచు మందమెంత అని టేపుతో కొలిచి క్లాంపు నోటితో పోల్చండి. అంచు కింద ఇంకో పట్టీ అతికించి మందం పెంచిన గట్లకు చాలా క్లాంపులు సరిపోవు.

తాడిపత్రి లాంటి ఊళ్ళలో పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర అడుగున్నర పొడవు గ్రానైటు తుండు సులువుగా దొరుకుతుంది. అది తెచ్చుకుని కింద తడిగుడ్డ పరిస్తే సక్షన్ కప్పుకూ, దొర్లించే సెట్టుకూ, అరిగిన సానరాయిని చదును చేసుకోవడానికీ అదే పనికొస్తుంది.

మాట వచ్చింది కాబట్టి, కత్తిని కడప బండ మీద రుద్దే అలవాటు గురించి ఒక మాట. ఈ బండలు సున్నపురాయి. అందులోని కాల్సైట్ గట్టిదనం మోస్ కొలతలో 3, కత్తి ఉక్కుది అయిదున్నర పైన. రుద్దితే అరిగేది ఎక్కువగా బండే. వంగిన అంచు కాస్త సర్దుకోవడంతో ఒకటి రెండు రోజులు పదునెక్కినట్టు అనిపిస్తుంది, అంతే. సానరాళ్ళలో వాడే సిలికాన్ కార్బైడ్ 9 పైన ఉంటుంది కాబట్టి అది ఉక్కును కోస్తుంది.

## ఒక్కో రకం

లాగుడు సెట్లు. రెండు కార్బైడ్ ముక్కలు వి ఆకారంలో ఉంటాయి, మధ్యలో కత్తిని లాగుతాం. కొన్ని వందల్లో దొరుకుతాయి. ఇవి అంచుకు సాన పట్టవు, ఉక్కును చెక్కుతాయి. కొత్తలో బాగానే కోస్తుంది, ఏడాది తిరిగేసరికి పిడి దగ్గర గుంట పడుతుంది. కత్తి పోతే ఇంకోటి కొనుక్కునే ఇంటికి సరే, మంచి కత్తికి వద్దు.

రాయీ, వీపుకు తగిలించే క్లిప్పూ. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు వైపుల కార్బోరండం రాయి, దానికి తోడు కత్తి వీపుకు పెట్టే ప్లాస్టిక్ లేదా స్టీలు క్లిప్పు. అన్నిటికన్నా చవకైన దారి ఇదే, చెడ్డదీ కాదు. కానీ క్లిప్పు ఇచ్చేది కోణాన్ని కాదు, ఎత్తును. కోణం కత్తి వెడల్పును బట్టి మారిపోతుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తికి 15 డిగ్రీలు రావాలంటే వీపు సుమారు పదిన్నర మిల్లీమీటర్లు లేవాలి, 20 డిగ్రీలకు 13.7. అదే పదిన్నర ఎత్తు క్లిప్పును 20 మిల్లీమీటర్ల చిన్న కత్తికి పెడితే 30 డిగ్రీలు దాటుతుంది. అందుకని ఒకే వెడల్పు కత్తులున్నవాళ్ళకే క్లిప్పు. లేదంటే నాలుగు వారాలు క్లిప్పుతో చేయి అలవాటు చేసుకుని తర్వాత తీసేయండి.

చేతిలో పట్టుకునే చిన్న క్లాంపు సెట్లు. లాన్‌స్కీ ఈ రకం. కత్తి వీపును క్లాంపు పట్టుకుంటుంది, దానికి 17, 20, 25, 30 డిగ్రీల రంధ్రాలు, సన్నని రాయికున్న కడ్డీ ఆ రంధ్రంలో జారుతుంది. బండతో పనిలేదు కాబట్టి ఎత్తుపల్లాల నాపరాయి ఇంట్లోనూ ఇబ్బంది ఉండదు. లోటు ఏమిటంటే రాళ్ళు చిన్నవి, సన్నవి. జేబు కత్తికీ చిన్న కూరగాయల కత్తికీ బాగుంటుంది. 20 సెంటీమీటర్ల కత్తిని రెండు చోట్ల బిగించి రెండు సార్లు చేయాలి, మధ్యలో అతుకు కనబడుతుంది. రంధ్రం పక్కన రాసిన అంకెనూ పూర్తిగా నమ్మకండి. వెడల్పు కత్తిలో అంచు క్లాంపుకు దూరమవుతుంది కాబట్టి అసలు కోణం రాసినదానికన్నా తగ్గుతుంది, సన్న కత్తిలో పెరుగుతుంది.

చేయి ఉన్న బల్ల సెట్లు. కత్తి బల్ల మీద ఉంటుంది, కీలు మీద తిరిగే కడ్డీకి (అదే చేయి) బిగించిన రాయి దాని అంచు మీద నడుస్తుంది. ఇవాళ ఎక్కువమంది కొనేది ఇవే. చవకలో రుయిక్సిన్, దాని నకళ్ళు వెయ్యి నుంచి రెండు మూడు వేల మధ్య దొరుకుతాయి. పై మెట్టున వర్క్ షార్ప్ ప్రెసిషన్ అడ్జస్ట్, ఎడ్జ్ ప్రో ఉన్నాయి. వర్క్ షార్ప్‌లో కోణం 15 నుంచి 30 వరకు ఒక్కో డిగ్రీ చొప్పున తిప్పుకోవచ్చు, ఒకే తుండు మీద 320, 600 వజ్రపు పలకలూ ఒక సిరామిక్ పలకా ఉంటాయి. ఎడ్జ్ ప్రోలో కత్తిని బిగించరు, పలక మీద పెట్టి చేత్తో అదిమి పట్టి జరుపుతారు. అందుకే పొడవు కత్తికి అది హాయి, నేర్చుకోవడం కాస్త ఆలస్యం. దానికి సక్షన్ కప్పులు, అంటే నున్నని బండ తప్పదు.

ఈ రకం మీద ఒక అపోహ ఉంది: క్లాంపు నుంచి దూరం జరిగేకొద్దీ కోణం తగ్గిపోతుందని. తిన్నని అంచు మీద అలా జరగదు. చేయి తిరిగే కీలు ఒక బిందువు, తిన్నని అంచు ఒక గీత, రెండూ ఒకే తలంలో ఉంటాయి, రాయి ఆ తలం మీదే నడుస్తుంది. కోణం మారేది మొన దగ్గర అంచు వంపు తిరిగిన చోట. అక్కడ వాలు (రాయి అరగదీసిన ఏటవాలు పట్టీ) వెడల్పయిపోతే కత్తిని జరిపి, క్లాంపు మొనకు దగ్గరయ్యేలా బిగించండి. వాలు సన్నబడితే క్లాంపు పిడి వైపు రావాలి. ఒకసారి కుదిరిన చోట వీపు మీద మార్కరుతో గీత పెట్టుకుంటే ప్రతిసారీ వెతుక్కునే పని ఉండదు.

చవక నకళ్ళలో అసలు తంటా రాళ్ళ మందం. ఒక రాయి 2 మిల్లీమీటర్లు మందంగా ఉందనుకోండి, కీలు నుంచి అంచు దాకా 150 మిల్లీమీటర్లుంటే కోణం ముప్పావు డిగ్రీ మారుతుంది. గరుకు రాయి పడ్డ చోట సన్న రాయి పడదు, ఎంత రుద్దినా పదును రాదు, నింద మాత్రం రాయి మీదికి పోతుంది. రాళ్ళన్నీ గాజు పలక మీద వరుసగా పేర్చి పక్క నుంచి చూస్తే తేడా కనిపిస్తుంది. తేడా ఉంటే రాయి మార్చిన ప్రతిసారీ కింద చెప్పిన మార్కరు పరీక్ష చేసి చేయి ఎత్తు సర్దాలి.

వాలు కడ్డీల సెట్లు. స్పైడర్కో షార్ప్‌మేకర్ ఈ రకానికి పేరున్నది. పీట మీద రెండు సిరామిక్ కడ్డీలు వాలుగా నిలబడతాయి, మీరు కత్తిని నిట్టనిలువుగా పట్టి కిందికి లాగాలి. ఒక్కో వైపు 15, 20 డిగ్రీలు. బిగించడం లేదు కాబట్టి ఏ పొడవైనా, ఏ వెడల్పైనా పడుతుంది. కడ్డీ మూలతో రంపపు పళ్ళ కత్తిని కూడా కొంత బాగుచేయొచ్చు, మిగతావి ఆ పని చేయలేవు. కానీ పూర్తిగా మొద్దుబారిన కత్తికి సిరామిక్ చాలా నిదానం, వజ్రపు కడ్డీలు వేరుగా కొనాలి. కడ్డీలు నల్లబడ్డాక గిన్నెలు తోమే పొడి, పీచు పెట్టి తోమితే మళ్ళీ పనిచేస్తాయి.

దొర్లించే సెట్లు. అయస్కాంతం ఉన్న చెక్క దిమ్మె కత్తిని 15 లేదా 20 డిగ్రీల వాలులో పట్టుకుంటుంది, పక్కన వజ్రపు చక్రం దొర్లుతుంది. జర్మనీ కంపెనీ హోర్ల్‌తో ఈ పద్ధతి పేరుపడింది, నకళ్ళు ఇప్పుడు చవకగా వస్తున్నాయి. నేర్చుకోవడం అన్నిటికన్నా తేలిక, చేయి తెగే భయమూ తక్కువే. మొన వంపు దగ్గర సరిగ్గా పడదు. సన్నని చిన్న కత్తి అంచు దిమ్మె దాటి బయటికి రాకపోతే చక్రానికి అందదు. చక్రం సన్న గరుకుది కాబట్టి గండి పడ్డ అంచును తిన్నగా చేయాలంటే ఓపిక నశిస్తుంది.

| రకం | నాపరాయి గట్టు మీద | పొడవు కత్తి | చిన్న కత్తి | బాగా మొద్దుబారితే | నేర్చుకోవడం |
|---|---|---|---|---|---|
| రాయి, క్లిప్పు | తడిగుడ్డ వేస్తే చాలు | బాగు | క్లిప్పు మార్చాలి | బాగు | కొంత కష్టం |
| చిన్న క్లాంపు | ఇబ్బంది లేదు | రెండు విడతలు | బాగు | నిదానం | తేలిక |
| చేయి ఉన్న బల్ల సెట్టు | సక్షనైతే నిలవదు | బాగు | క్లాంపును బట్టి | చాలా బాగు | ఒక పూట |
| వాలు కడ్డీలు | పర్వాలేదు | బాగు | బాగు | చాలా నిదానం | తేలిక |
| దొర్లించేది | ఎగురుతుంది | బాగు | ఒక్కోసారి అందదు | నిదానం | చాలా తేలిక |

## ఎవరికి ఏది

రోజూ కూరలు తరిగే ఒకటి రెండు స్టీలు కత్తులే ఉండి, ఇప్పుడు అవి ఎర్రగడ్డను కోయకుండా నలిపే స్థితిలో ఉంటే, చేయి ఉన్న బల్ల సెట్టు తీసుకోండి. మొద్దుబారిన అంచును గరుకు రాయితో దారికి తెచ్చే బలం దానికే ఉంది. రెండు వేల లోపు నకలు చాలు, మిగిలిన డబ్బుతో ఒక మంచి వజ్రపు పలక విడిగా కొనుక్కుంటే సెట్టులో వచ్చిన గరుకు రాయికన్నా ఎక్కువ కాలం మన్నుతుంది.

కత్తులు ఇప్పటికే బాగున్నాయి, పదును పోకుండా చూసుకుంటే చాలనుకునేవాళ్ళకు వాలు కడ్డీలు. వారానికి రెండు నిమిషాలు చాలు.

కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళే కత్తులు చూసుకునే ఇంట్లో దొర్లించేది పెట్టండి, కింద గ్రానైటు తుండు వేసి.

ఇంట్లో బరువు మాంసం కత్తి, కొడవళ్ళు ఎక్కువుంటే ఏ సెట్టూ కొనకండి. కార్బోరండం రాయి, కాస్త చేతి అలవాటు చాలు. సైకిలు మీద వచ్చే సానవాడు కొడవలికి మంచివాడే. సన్నని కూరగాయల కత్తిని మాత్రం అతనికి ఇవ్వొద్దు. ఎండు చక్రం మీద సన్నని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు నీలం రంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ తగిలినట్టు, అక్కడ ఉక్కు మెత్తబడింది. ఆ నీలం అరిగిపోయేదాకా ఆ చోట పదును నిలవదు.

## మొదటిసారి చేసేటప్పుడు

కత్తి రెండు వైపులా వీపు దగ్గర టేపు అంటించండి. క్లాంపు గీతలు పడవు, పట్టూ జారదు. అంచు వాలంతా మార్కరుతో నల్లగా పూసి, కోణం పెట్టి, సన్న రాయితో రెండు సార్లు తేలిగ్గా తోయండి. రంగు చివరి అంచు దగ్గరే పోయిందంటే కోణం ఎక్కువైంది. పైన వాలు మొదలయ్యే భుజం దగ్గరే పోయిందంటే తక్కువైంది. వాలంతా పోయిందంటే కుదిరింది.

ఇప్పుడు గరుకు రాయి. ఎన్నిసార్లు తోయాలన్న లెక్క పెట్టుకోకండి. రెండో వైపు అంచు మీద సన్నని గరుకు రేకు లేవాలి, ఫిట్టర్లు దాన్ని బర్ అంటారు. బొటనవేలిని వీపు నుంచి అంచు దాటేలా బయటికి జార్చితే గోటికి తగులుతుంది. అది పిడి నుంచి మొన దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. పదును రాలేదని చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడి ఉంటారు: మధ్యలో బర్ రాగానే మొన సంగతి వదిలేసి సన్న రాయికి వెళ్ళిపోతారు. బర్ రాని చోట అంచు ఇంకా గుండ్రంగానే ఉంది, సన్న రాయి దాన్ని నునుపు చేస్తుంది గానీ పదునెక్కించదు.

కత్తి తిప్పి రెండో వైపూ అలాగే. తర్వాత 600, ఆపైన సన్నది, ఒక్కో మెట్టుకూ ఒత్తిడి తగ్గిస్తూ రండి. చివర్లో రాయి బరువు మాత్రమే పడేలా ఒక్కో వైపు ఒక్కొక్కసారి చొప్పున పది పన్నెండు సార్లు. మెత్తని స్టీలు మీద బర్ మొండిది, అటూ ఇటూ వంగుతుంది గానీ ఊడదు. పాత తోలు బెల్టు మీద అంచు వెనక్కి ఉండేలా పదిసార్లు లాగితే పోతుంది. వజ్రపు పలకను ఎప్పుడూ బలంగా అదమకండి, పైపూతలోంచి వజ్రపు రేణువులు ఊడిపోతాయి.

రాయికి నీళ్ళు చాలు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే ఇంకా మంచిది. వంటింట్లో చేతికందే వేరుశనగ నూనె పోయొద్దు. అది ఆరి జిగురై రాయి రంధ్రాలు మూసేస్తుంది. నూనే కావాలంటే కుట్టుమిషను నూనె వాడండి. ఒకసారి నూనె తాగిన రాయికి ఇక నీళ్ళు పట్టవు, కాబట్టి ఏదో ఒకదాని మీదే ఉండండి. మన బోరునీళ్ళు ఉప్పువి, రాయి మీద ఆరితే తెల్లని పొర కడుతుంది. వాడాక తుడిచి నీడన ఆరబెట్టండి.

చేయి ఉన్న సెట్లలో దెబ్బ తగిలేది ఒకే తీరుగా: రాయి అంచు దాటి కిందికి జారి, వేళ్ళ కణుపులు నేరుగా పదును మీద పడతాయి. కడ్డీ మీద ఆపే రింగు ఉంటే రాయి అంచు దాటకముందే ఆగేలా బిగించండి. లేకపోతే కడ్డీకి రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టినా సరిపోతుంది.

పదును పెట్టిన కత్తిని స్టీలు పళ్ళెంలోనో గట్టు బండ మీదో పెట్టి తరిగితే ఆ పూటే మొద్దుబారుతుంది, చెక్క పీట వాడండి. 15 డిగ్రీల అంచుతో ఎముక, ఎండుకొబ్బరి, బెల్లం ముట్టుకోవద్దు, అంచుకు గండ్లు పడతాయి.

## ఈలపీటకు

లోపలికి వంగిన అంచుకు గుండ్రని రాయి కావాలి. పడవ ఆకారంలో ఉండే కొడవలి రాయి, లేదా వేలంత లావు కర్రకు చుట్టిన 220 వాటర్ పేపరు. పీటను కాళ్ళతో కాదు, ఇంకొకరితో పట్టించండి. రాయిని పీట వైపు నుంచి మొన వైపు వాలు మీద జార్చుతూ, బర్ లేచాక రెండో వైపు 400 పేపరుతో నాలుగుసార్లు తుడిస్తే చాలు. మార్కరు పరీక్ష దీనికీ పనిచేస్తుంది.

## పెట్టె రాగానే

వాపసు గడువు దాటకముందే నాలుగు సంగతులు చూడండి. క్లాంపు బిగించి కత్తిని చేత్తో ఊపితే కదలకూడదు. కీలులో ఆట ఉండకూడదు, కడ్డీ పట్టుకుని పక్కలకు కదిపితే తెలుస్తుంది. రాళ్ళ మందం పైన చెప్పినట్టు పోల్చండి. రాయి మీద స్కేలు నిలబెట్టి వెలుతురుకు పట్టి చూడండి, మధ్యలో వెలుగు కనిపిస్తే గుంట ఉన్నట్టు. కొద్ది గుంటైతే గ్రానైటు తుండు మీద 120 వాటర్ పేపరు పరిచి నీళ్ళు చల్లి రుద్దితే చదునవుతుంది. కీలులో ఆట ఉంటే మాత్రం ఆలోచించకుండా తిప్పి పంపేయండి, అది ఇంట్లో బాగుపడే రోగం కాదు.